నొప్పి లేదని ఊరుకోవద్దు

పట్టాలు అందుకున్న అమ్మాయిలకు అభినందనలు.

ఈ నారాయణగూడ కాలేజీ దాటి మీలో చాలామంది అశోక్‌నగర్ హాస్టళ్లలో చేరతారు, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటారు. ఈలోగా ఇంటికి వెళ్లినప్పుడు అమ్మను ఒక్క మాట అడగండి: "అమ్మా, రొమ్ములో ఎక్కడైనా గడ్డ తగులుతోందా?" అడగడానికి నోరు రాదు, నాకు తెలుసు. షుగరు, బీపీ సంగతి నలుగురిలో చెప్పుకునే మన ఆడవాళ్లు ఈ మాట సొంత చెల్లెలితోనూ అనరు. పైగా రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో సాధారణంగా నొప్పి పెట్టదు. నొప్పి లేదు కాబట్టి పెళ్లి అయ్యాక, పండగ అయ్యాక, పిల్లల పరీక్షలు అయ్యాక అని వాయిదా వేస్తారు. 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మందికి కొత్తగా ఈ జబ్బు వచ్చింది, 98,000 మందికి పైగా దీనితో చనిపోయారు. ముదిరాక ఆసుపత్రికి రావడం ఇందుకు ఒక పెద్ద కారణం.

ముందుగా పట్టుకుంటే మేలు ఉంటుందా అని ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది మహిళలను 20 ఏళ్ల పాటు గమనించారు. వారిలో సగం మందికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి, నాలుగు విడతలు, చేత్తో తడిమి పరీక్ష చేశారు. మమోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, వాడలేదు. 50 దాటిన వారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవారిలో ఆ మేలు కనిపించలేదు, అది కూడా చెప్పాలి. మన దగ్గర 2007లో పుట్టిన ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ 2012 నుంచి 2016 దాకా తెలుగు పల్లెల్లో ఏఎన్ఎంల చేత సుమారు 2 లక్షల మందికి ఇలాంటి పరీక్షే చేయించింది.

మీ వయసులో మమోగ్రామ్ అక్కర్లేదు. మీ ఒళ్లు మామూలుగా ఎలా ఉంటుందో మీకు తెలిస్తే చాలు. చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా, దాని నుంచి రక్తం కారినా, చంకలో గడ్డ తగిలినా వెంటనే డాక్టరుకు చూపించండి. గడ్డలన్నీ క్యాన్సర్ కావు, కానీ అది తేల్చడానికి స్కానింగ్, సూది పరీక్ష కావాలి. ప్రభుత్వ కార్యక్రమంలో 30 దాటిన మహిళలకు రొమ్ము పరీక్ష చేస్తారు. 40 దాటిన అమ్మ, పిన్ని మమోగ్రామ్ గురించి డాక్టర్ని అడగాలి.

ఖర్చుకు భయపడి అమ్మ వద్దంటుంది. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఆరోగ్యశ్రీ పథకం ఉంది. మీరు తోడు వెళ్లండి, ఓపీ చీటీ మీరే రాయించండి, రిపోర్టు వచ్చాక డాక్టర్ని అడిగి అందులో ఏముందో ఆమెకు అర్థమయ్యేలా చెప్పండి.