చిగుళ్ల బాధను దాచుకోవద్దు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు మాట్లాడినది)



పొదుపు గురించి, అప్పుల గురించి అందరూ చెప్పారు. నేను నోటి గురించి చెప్తాను.

నాకు తెలిసిన ఒక అక్క ఉంది. ఏ ఊరో, ఏ సంఘమో చెప్పను. నలుగురికీ చెప్పమని ఆమే అంది, పేరు మాత్రం వద్దంది. మీటింగుకొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేది. వాసనొస్తుందని నేనూ జరిగి కూర్చున్నాను. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆమెకు హెచ్ఐవి ఉంది. ఏఆర్‌టి సెంటరు మందులు వాడుతోంది. చిగుళ్లు పుండుపడి మెతుకు తగిలినా మంట. తినలేక, ఖాళీ కడుపున మాత్ర వేసుకోలేక మధ్యమధ్యలో మానేసింది. అసలు ప్రమాదం అదే. మాత్రలు మానితే వైరస్ మళ్లీ పెరుగుతుంది, మందుకు లొంగకుండా పోవచ్చు. పళ్ల డాక్టరు దగ్గరికెళ్తే సంగతి బయటపడుతుందని ఆమె భయం.

చివరికి ఏఆర్‌టి డాక్టరుకే చెప్పుకుంది. ఆయన పంపితే పళ్ల డాక్టరు గార తీసి, మందులిచ్చారు. పెరుగన్నంతో మొదలుపెట్టి ఇప్పుడు ఆవకాయన్నం తింటోంది. మాత్ర తప్పడం లేదు.

పళ్ల మీద పాచి, గార పేరుకుంటే ఎవరికైనా చిగుళ్లు వాస్తాయి. రోగాలను ఆపే శక్తి తగ్గినవాళ్లకు త్వరగా ముదురుతుంది. చిగురు అంచున ఎర్రటి గీత, తోమితే నెత్తురు, పళ్ల మధ్య పుండు, నాలుక మీద తెల్లటి పూత, పళ్లు కదలడం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. ఇవి ఉన్నంత మాత్రాన హెచ్ఐవి ఉన్నట్టు కాదు.

రోజూ రెండు పూటలా మెత్తటి బ్రష్షుతో, పేస్టుతో తోముకోవాలి. బొగ్గు, ఇటుకపొడి వద్దు. గుట్కా, చుట్ట మానాలి. ఉప్పునీళ్లు పుక్కిలిస్తే కాస్త హాయిగా ఉంటుంది గానీ జబ్బు పోదు. వాడే మాత్రలు పళ్ల డాక్టరుకు చూపించాలి, కొన్ని మందులు ఒకదానికొకటి పడవు.

హెచ్ఐవి ఉందని వైద్యం చేయనంటే 2017 చట్టం ఒప్పుకోదు. మన అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదు. సందేహముంటే 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

కలిసి తింటే, ఒకే గ్లాసులో తాగితే హెచ్ఐవి అంటదు. మీ సంఘంలో ఎవరైనా కొంగు అడ్డం పెట్టుకుంటే నాలాగా జరిగి కూర్చోకండి. ఏం జబ్బని కూడా అడగొద్దు. "అక్కా, పళ్ల డాక్టరు దగ్గరికి పోదాం పద, నేనూ వస్తా" అనండి. అంతే చాలు.