పెద్దల ఫోటోలు తీయబోయి మేము నేర్చుకొన్నది
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన తాతముత్తాతలు తెలంగాణా జిల్లాల నుండి మగ్గం పనికై ఈ షోలాపూరు చేరినవారు. ఎవరింట అడిగినా ముత్తాత పేరు చెప్పగలరు. ముఖం చూపగలవారు కొద్దిమందే. అందుకే పోయిన ఉగాదికి వృద్ధ దంపతులందరికీ ఫోటోలు తీయించాలని తీర్మానించి, ఆ పని మాకు అప్పగించారు. ఇప్పుడు అందరి చేతా ఫోనున్నది, ఫోటోలకేమి కరువని మీరనవచ్చు. తాతగారొక్కరే నిదానంగా కూర్చున్న ఫోటో మీ ఫోనులో ఉన్నదేమో చూసుకోండి.

పంచాంగ శ్రవణానికి ఎలాగూ అందరూ కూడుతారు గదా అని ఆ పూటనే పెట్టాము. గుడిపాడ్వా కూడా అదే రోజు కనుక ఊళ్ళో ఫోటోగ్రాఫరు దొరకక మా కుర్రవాళ్ళే కెమెరా పట్టారు. నలభై జంటలు, రెండు గంటలు. జంటకు మూడు నిమిషాలు! కండువా సర్దుకోవడానికే అవి చాలలేదు.

మిట్టమధ్యాహ్నం, నడినెత్తిన సూర్యుడు. కనుబొమల నీడ కళ్ళమీద పడినది. వెనుక సున్నం కొట్టిన గోడ. ఆ తెలుపునుబట్టి కెమెరా వెలుగు తగ్గించుకొని ముఖాలను నల్లబరచినది. చోటు చాలక బాగా దగ్గరికి వెళ్ళి తీసినవాటిలో ముక్కులు పెద్దవైనవి. కెమెరా వెనుకనున్న చిన్న తెరలో అన్నీ బాగానే కనిపించినవి. పెద్దవి చేసి చూడాలన్న ఆలోచన మాకు రాలేదు.

మోకాళ్ళ నొప్పితో గంటసేపు వరుసలో నిలిచిన ఒక అవ్వ, "కండెలు చుట్టుకుంటూ కూర్చుంటాను, అట్లా తీయండి నాయనా" అన్నది. అందరికీ ఒకటే పద్ధతి అన్నాము. హైదరాబాదులో రాజా దీన్ దయాళ్ 1892లోనే స్త్రీల కోసం ప్రత్యేకంగా స్టూడియో తెరిచారు. తీయించుకొనేవారి వీలు చూడాలని వారికి అప్పుడే తెలిసినది, మాకు తోచలేదు.

దసరా వెళ్ళిన వారానికి మన పెద్దలలో ఒకరు కాలం చేశారు. పటం కట్టించడానికి ఆ ఫోటో కావాలని కుమారుడు వచ్చాడు. పెద్దది చేయించి చూస్తే కళ్ళున్నచోట రెండు నీడలు. ఆయన ఏమీ అనకుండా తీసుకొని వెళ్ళాడు. మళ్ళీ తీద్దామంటే మనిషి లేడు.

ఈసారి పండుగతో ముడిపెట్టలేదు. ఆదివారం ఉదయం ఏడు నుండి తొమ్మిది వరకు, పూటకు నాలుగు జంటలే. ఎండ నేరుగా పడని వాకిట, ద్వారపు వెలుగు ప్రక్కనుండి వచ్చేటట్లు కూర్చోబెడుతున్నాము. 85 మిల్లీమీటర్ల లెన్సుతో ఏడెనిమిది అడుగుల దూరాన నిలిచి తీస్తున్నాము. కళ్ళజోడు మెరిస్తే గడ్డం కొంచెం దించమంటున్నాము. తీసిన ప్రతిదానినీ పెద్దది చేసి, కళ్ళు చూచి, అప్పుడే లేవనిస్తున్నాము.

మొదట ఆ అవ్వ ఇంటికే వెళ్ళాము. రాట్నం ముందు కూర్చొని, మేమున్న సంగతే మరచి పని చేసుకొన్నది.

ఇంకా పద్దెనిమిది జంటలు మిగిలినవి. నడవలేనివారి ఇళ్ళకు మేమే వస్తాము. కుర్చీ మాత్రం ద్వారం ప్రక్కన వేసి ఉంచండి.