తొలి నష్టం ఎవరు మోయాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"రాకెట్లు తయారుచేసే ప్రైవేటు కంపెనీలు వచ్చేశాయి కదా, ఇంకా ప్రభుత్వం డబ్బు పెట్టడం ఎందుకు?" అని పొద్దున టిఫిన్ల దగ్గర ఒక మిత్రుడు అడిగాడు. హైదరాబాదు బాలానగర్‌లో ముప్పై ఏళ్లు లేతు మిషన్ల మధ్య గడిపినవాణ్ణి. నాకు తెలిసినంతలో జవాబు చెబుతాను.

ముందు మన మాచర్ల పక్కనున్న సాగర్‌ను చూడండి. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. అన్నేళ్లు రూపాయి తిరిగిరాని పనికి ఏ వ్యాపారి పెట్టుబడి పెడతాడు? కుడికాలువ పారాకే దాని కింద వరి, మిర్చి, పత్తి పెరిగాయి. వాటి వెనకే మిల్లులు వచ్చాయి.

శ్రీహరికోటదీ అదే దారి. 1979 ఆగస్టు 10న మొదటి ఎస్ఎల్‌వి-3 బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ నష్టం మోసింది ప్రజల సొమ్మే. ఏడాది తిరక్కుండానే, 1980 జూలై 18న, రెండో ప్రయోగం రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

నా అనుభవమూ ఒకటుంది. రాకెట్ విడిభాగాల ఆర్డరులో మేం పంపిన మొదటి లాటు మొత్తం తిరిగొచ్చింది. కొలతలో వెంట్రుకవాసి తేడా. తప్పు నాదే. ఇంటికి పంపేస్తారనుకున్నాను. తనిఖీ ఇంజనీరు మా షెడ్డుకొచ్చి, రెండు రోజులు నా పక్కనే నిలబడి పని నేర్పి వెళ్లాడు. ఆ ఓపిక ఖరీదు ఏ బిల్లులోనూ కనిపించదు.

2018లో ఇస్రో మాజీ ఇంజనీర్లు పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా హైదరాబాదులో స్కైరూట్ సంస్థను స్థాపించారు. 2020లో కేంద్రం ఈ రంగం తలుపులు తెరిచింది. 2022 నవంబరు 18న వాళ్ల విక్రమ్-ఎస్ దాదాపు 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. ఉద్యోగాలు వదులుకుని దిగిన ఆ సాహసం వాళ్లదే. అయితే వాళ్లు పని నేర్చిందీ, ఆ రాకెట్ ఎగిరిందీ ప్రజల సొమ్ముతో కట్టిన చోటే.

చవకగా, త్వరగా చేయడం ప్రైవేటు వాళ్లకు చేతనవును. చేయనివ్వాలి. కానీ 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన చోట సరుకు కొనేవాడెవడూ లేడు. అక్కడికి ముందు వెళ్లాల్సింది ప్రభుత్వమే.

చివరిగా మన బడి మాట. సంఘం తరఫున సైన్సు గది కట్టిస్తున్నాం. నా వంతు నేనూ ఇచ్చాను. గది మనం కట్టగలం. ఏటేటా సైన్సు మాస్టారి జీతం మనం ఇవ్వలేం. అది సర్కారు పని. చందా ఇచ్చాం కదా అని ఆ మాట అడగడం మాత్రం మానకండి.

సెలవు.