ముద్ద మ్రింగని బిడ్డ



మన పూర్వులు ఆహారమును భక్ష్యము, భోజ్యము, లేహ్యము, చోష్యము, పానీయము అని యైదు విధములుగా విభజించిరి. బిడ్డ యీ వరుసను తలక్రిందుగా నడచును. మొదట పానీయము, పిదప లేహ్యము, అటుపిమ్మట భోజ్యము, పండ్లు వచ్చిన మీదట భక్ష్యము. కొందఱు బిడ్డలు ఏడాది నిండినను, రెండేండ్లు నిండినను మొదటి మెట్టు విడిచి కదలరు. వారిని గూర్చియే నేడు ముచ్చటింప దలచితిని.

మా యెఱ్ఱగుంట్లలో ఎనుము పాడి గల యిండ్లయందు ఈ మాట తఱచుగా వినబడును. "అయ్యవారూ, సంగటి పెడితే ఉమ్మేస్తాండాడు, పాలైతే గుటగుటా తాగుతాండాడు" అని యొక అవ్వ నాతో ననెను. ఆమె కంఠమున దిగులు లేదు. కొంత గర్వమే కలదు. బిడ్డయు బొద్దుగానే యుండెను. కాని వాని క్రింది ఱెప్పను దించి చూడగా లోపల ఎఱుపు లేదు. వాకిట కూర్చుండి మన్ను తినుచుండెను. గోపబాలుడు మన్ను తిన్న కథను మనము మురిసి చెప్పుకొందుము గాని, మన యిండ్లలో అది తఱచు రక్తహీనతకు గుఱుతు.

పాలయందు సున్నము మెండు, ఇనుము మిక్కిలి స్వల్పము. తల్లి గర్భమునుండి తెచ్చుకొన్న యినుము ఆఱు నెలలకు తఱిగిపోవును. పశువుల పాలు మితిమీఱినచో ఇతరాహారమునందలి యినుమును సైతము ఒంటబట్టనీయవు. టీ మఱింత చెఱుపు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేయందు, ఆఱు నెలలు మొదలు అయిదేండ్ల లోపు వయసు గల మన దేశపు బిడ్డలలో నూటికి 67 మందికి రక్తహీనత కలదని తేలినది. అందులకు పాలొక్కటియే కారణమని నే ననను.

ఇక కడుపు కొలత. తొమ్మిది కిలోల బిడ్డ కడుపు ఒకమారునకు పావులీటరుకు కొంచెము మించి మాత్రమే పట్టును. గ్లాసెడు పాలు పోసి, వెంటనే సంగటి చూపి, తినడని వాపోవుట న్యాయమా?

ఆఱవ మాసమున బిడ్డకు లఘువును హితమును నగు అన్నము పెట్టవలెనని సుశ్రుతుడు విధించెను. ప్రపంచ ఆరోగ్య సంస్థయు ఆఱు నెలలు నిండినంతనే ఆహారము మొదలిడి, తల్లిపాలను రెండేండ్లును ఆ పైనను ఇయ్యవలెనని చెప్పుచున్నది. కావున తల్లిపాలు మాన్పుడని నా మాట కాదు. మితము చేయవలసినది పశువుల పాలను, మానవలసినది సీసాను. ఏడాది దాటిన బిడ్డకు దినమునకు అరలీటరు మించరాదు. అదియు తిండి తిన్న పిదప, గిన్నెతో.

ముద్దకు వంతెన లేహ్యమే. రాగి సంగటిని పప్పుతో, నేతితో మెదిపి, చెంచానుండి జారని చిక్కదనమున నాకింపవలెను. పలుచని జావ కడుపు నింపును గాని బలమీయదు. వారము వారము నీరు తగ్గింపుడు. మెదిపిన ఆకుకూర, తినువారింట గ్రుడ్డు, వేయించిన చెనిక్కాయల పొడి కలుపవచ్చును. గింజలు వలదు, గొంతున పడును. నిమ్మరసపు చుక్క ఇనుమును ఒంటికి పట్టించును. తొమ్మిది పది నెలల లోపల నాలుకకు ముద్ద పరిచయము కాకున్న తరువాత నేర్పుట కష్టము. ఉమిసినంతనే విడువరాదు, పదిమార్లు రుచి చూపిన గాని కొందఱు ఒప్పుకొనరు. చేతులు పట్టి, నోరు తెఱచి కుక్కుట మాత్రము తగదు.

"పాలు పోయకుంటే ఏడుస్తాడే" అని అవ్వ యనెను. రెండు మూడు దినములు ఏడ్చుననియే నేనును చెప్పితిని.

ముద్దముద్దకును పొలమాఱు బిడ్డకు, బరువు తగ్గు బిడ్డకు, ఱెప్పలు పాలిపోయిన బిడ్డకు ఈ వంటింటి యుపాయములు చాలవు. ప్రొద్దుటూరికో కడపకో కొనిపోయి వైద్యునికి చూపి, రక్తపరీక్ష చేయింపవలెను. ఆ యవ్వ మనుమనికి అట్లే చేయించిరి. వైద్యుడు ఇనుపమందు వ్రాసియిచ్చెను. ఇప్పుడు వానికి పాలు రాత్రి భోజనమైన పిదప మాత్రమే, గిన్నెతో పోయుచున్నారు.