మెచ్చుకోలు సరే, పట్టా ఎవరి పేరున?

(గుమ్మలక్ష్మీపురంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒంటరి తల్లుల ధైర్యం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. జి.ఎల్.పురం కొండల్లో పనిచేస్తున్న మీకు ఆ ధైర్యం గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? తెల్లారకముందే చోడి అంబలి కాచి పిల్లలకు పెట్టి, కొండెక్కి గొప్పు తవ్వి, దిగేటప్పుడు కట్టెల మోపో అడ్డాకుల మోపో నెత్తిన పెట్టుకుని వచ్చే జాతాపు, సవర స్త్రీలను మీరు రోజూ చూస్తున్నారు. మగవాడున్న ఇంట్లోనూ ఈ చాకిరీలో పెద్ద భాగం ఆడవాళ్లదే. అతను లేని ఇంట్లో మిగిలినదీ ఆమె మీదే పడుతుంది.

ఒకామె సంగతి చెబుతాను. పేరు, ఊరు చెప్పను. భర్త పనులకని చెన్నై వెళ్లి అయిదేళ్లయింది. మొదటి ఏడాది డబ్బు పంపాడు, తర్వాత కబురు లేదు. చింతపండు, కొండచీపుర్లు సంతకు మోసి ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. ఊళ్లో ఆమెను ‘మగరాయుడు’ అంటారు. మెచ్చుకోలుగానే అంటారు లెండి. ఆడది తన కాళ్ల మీద నిలబడితే ఆ గొప్ప కూడా మగతనం ఖాతాలోకే! నేనూ నా పద్ధతిలో ఆమెను పొగిడాను. ఆమె నవ్వి, “గట్టిగా లేకపోతే ఏటి సేత్తానమ్మా? కొండ కాయితం మాత్రం మా మావ పేరునే ఉండిపోనాది” అంది. నాకిక మాట రాలేదు.

కొండ కాయితమంటే అటవీ హక్కుల పట్టా. 2006 చట్టం సెక్షన్ 4(4) ప్రకారం పెళ్లయినవారికి హక్కు ఇద్దరి పేరునా ఉమ్మడిగా రాయాలి. ఇంటిపెద్ద ఒంటరి మనిషైతే ఆ ఒక్కరి పేరునే రాయాలి. అంటే చట్టంలో ఆమెకు చోటుంది. కానీ వితంతువు మరణ ధృవీకరణ పత్రమైనా చూపగలదు. భర్త వదిలేసిన స్త్రీ ఏం చూపాలి? దరఖాస్తు రెండో గడిలోనే జీవిత భాగస్వామి పేరు అడుగుతారు. రాస్తే, లేని మనిషికి సగం హక్కు. రాయకపోతే, మొగుడు బతికే ఉన్నాడు కదా అని ప్రశ్న. పైగా 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ సాగులో ఉండాలన్న షరతు ఒకటి. ఆ తర్వాత కాపురానికి వచ్చిన కోడలికి ఇది మరీ చిక్కు. పేచీ ఎందుకని మామ పేరో మరిది పేరో రాసేస్తారు.

గిరిజన సమాజాల్లో విడిపోవడానికీ మారుమనువుకూ అడ్డు లేదని మా శాస్త్రం వాళ్లు మురిసిపోతూ రాస్తుంటారు. అబద్ధం కాదు. అయితే విడిపోయి వెళ్లేటప్పుడు ఆమె వెంట భూమి వెళుతుందా అని అడిగినవాళ్లు తక్కువ. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు, సెక్షన్ 2(2) ఆ మాటే చెబుతుంది. కనుక ఆచారమే దిక్కు. ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో 2025 జూలై 17న సుప్రీంకోర్టు, కూతుళ్లకు వాటా లేదనే ఆచారాన్ని రుజువు చేయలేనప్పుడు వాళ్లకు సమాన హక్కు ఇవ్వాల్సిందేనంది. మంచి తీర్పే. కానీ అది కూతుళ్ల వాటా సంగతి. వదిలేయబడిన కోడలి సంగతి అందులో లేదు.

పింఛను ఉందిగా అంటారు. 2024 నుంచి రాష్ట్రంలో ఒంటరి మహిళలకు నెలకు 4,000 రూపాయలు. దానికీ కనీస వయసు పెట్టారు. పాతికేళ్లకే ఒంటరైన తల్లికి అది అందదు, పిల్లలు చిన్నగా ఉండేదేమో అప్పుడే.

అటవీ హక్కుల నియమాల్లో 13వ నియమం మనకు పనికొస్తుంది. ఊరి పెద్దలు చెప్పగా రాసిన వాంగ్మూలం అక్కడ సాక్ష్యంగా చెల్లుతుంది. ఈ కొండను ఇన్నేళ్లుగా ఈమే చేస్తోందని గ్రామసభలో చెప్పించి రాయించవచ్చు. కమిటీలో మూడో వంతు స్త్రీలుండాలన్నదీ ఆ నియమాల్లోనిదే. వాళ్లు వేలిముద్ర వేసి లేచి వస్తున్నారా, నోరు విప్పుతున్నారా అన్నది మీకే తెలియాలి.

మధ్యాహ్నం ఊళ్ల వారీగా కూర్చుంటున్నాం కదా. మీ ఊళ్లో మగమనిషి లేకుండా కొండ చేస్తున్న ఇళ్లు ఎన్ని, వాటిలో ఎన్ని పట్టాలు ఎవరి పేర్ల మీద ఉన్నాయి, ఆ రెండూ రాసుకుని రండి.