కట్టినదాన్ని చూసుకునేదెవరు?

పట్టాలు అందుకున్న మీకు అభినందనలు. ఇక నేరుగా విషయానికి వస్తాను.

అణువిద్యుత్ కేంద్రంలో చేరిన కొత్తలో నా తోటివాళ్లను కంట్రోల్ రూమ్‌కు పంపారు. నన్ను వాడిన ఇంధనం ఉంచే నీటితొట్టి దగ్గర వేశారు. ప్రతి షిఫ్టులో నీటిమట్టం, ఉష్ణోగ్రత చూసి రాయాలి. "నిన్నటి అంకే అయినా వెళ్లి చూశాకే రాయి బాబూ" అనేవారు మా సీనియర్ టెక్నీషియన్. నేను నేర్చిన ఇంజనీరింగ్‌లో సగం ఆయన దగ్గరిదే.

రియాక్టర్ ఆపినా ఇంధనం చల్లారదు. ఆపిన క్షణంలో పూర్తి వేడిలో 6 శాతానికి పైగా ఇంకా పుడుతూనే ఉంటుంది. తర్వాత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. అందుకే కొన్నేళ్లు నీళ్లలో ఉంచాకే ఉక్కు, కాంక్రీటు డ్రై కాస్కుల్లోకి మారుస్తారు. 2011 మార్చిలో జపాన్‌లో సునామీ వచ్చినప్పుడు ఫుకుషిమా అణుకేంద్రం నాలుగో యూనిట్ నడవడం లేదు. మరమ్మతుల కోసం ఇంధనమంతా తొట్టిలోకి దించేశారు. అక్కడున్న 1,535 ఇంధన కట్టల మీద నీళ్లు ఇంకిపోయాయేమోనని ప్రపంచమంతా వణికింది. నీళ్లున్నాయని తర్వాత తేలింది. అదే ఆవరణలో సునామీ ముంచెత్తిన డ్రై కాస్కులు మాత్రం గట్టిగా నిలబడ్డాయి.

నా బెంగ కాస్కుల గురించి కాదు, మనుషుల గురించి. అమెరికాలో మెయిన్ యాంకీ కేంద్రం 1997లో మూతపడింది. 2005కల్లా కూల్చివేత కూడా పూర్తయింది. 1998 నుంచి ఇంధనం తీసుకెళ్తామని ప్రభుత్వం మాటిచ్చినా శాశ్వత స్థలం కుదరలేదు. కరెంటు పుట్టని ఆ చోట కాస్కులూ, వాటికి కాపలా మనుషులూ మిగిలారు. మన కూడంకుళం అణుకేంద్రానికీ రియాక్టర్ల బయట నిల్వ ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. దానికిచ్చిన గడువును తర్వాత పొడిగించాల్సి వచ్చింది.

ఇక్కడే మీతో దెబ్బలాడాలి. పొద్దున మీలో కొందరిని ఏం చేస్తారని అడిగితే అందరూ కొత్తవి కడతామన్నారు. సంతోషమే. కట్టినదాన్ని అరవై ఏళ్లు ఎవరు చూస్తారర్రా? వండేవాళ్లే అందరూ అయితే గిన్నెలు తోమేదెవరు? నిర్వహణ ఉద్యోగమంటే మొహం చిట్లిస్తారేం?

తొలి పోస్టింగ్ నిల్వ విభాగంలో వస్తే వెంటనే బదిలీకి అర్జీ పెట్టకండి. ఏ కట్ట ఎక్కడుందో, ఎప్పుడు దించారో తర్వాతివాళ్లకు అర్థమయ్యేలా రాసి అప్పగించండి. ఆ పని మీద ఆసక్తి ఉన్నవాళ్లు భోజనాల దగ్గర నన్ను కలవండి. తీరిగ్గా మాట్లాడుకుందాం.