ప్రకటనల నుంచి సినిమాకి

పేరున్న దర్శకుడి దగ్గర ఏళ్ల తరబడి అసిస్టెంటుగా ఉంటేనే డైరెక్టర్ కాగలమని మన కుర్రాళ్లలో చాలామంది నమ్మకం. కానీ వాణిజ్య ప్రకటనల దారి కూడా ఒకటుంది.

బ్రిటిష్ దర్శకుడు రిడ్లీ స్కాట్‌నే చూడండి. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదివే రోజుల్లోనే తమ్ముడు టోనీని నటుడిగా పెట్టి ఓ చిన్న సినిమా తీశాడు. తర్వాత బీబీసీలో సెట్ డిజైనర్‌గా చేరాడు. 1968లో సొంత ప్రకటనల సంస్థ పెట్టాడు. 1973లో హోవిస్ బ్రెడ్డు కోసం తీసిన ప్రకటనలో ఒక పిల్లాడు రాళ్లు పరిచిన ఏటవాలు వీధిలో సైకిలు తోసుకుంటూ ఎక్కుతాడు. అంతే కథ. ఇంగ్లండులో దాన్ని ఇంకా తలుచుకుంటారు. తొలి సినిమా ‘ద డ్యూయెలిస్ట్స్’ 1977లో వచ్చేసరికి ఆయనకు దాదాపు నలభై ఏళ్లు. దానికి కాన్ చిత్రోత్సవంలో తొలి చిత్రం బహుమతి దక్కింది.

ముప్ఫై సెకన్ల ప్రకటనలో కథ చెప్పాలంటే ప్రతి ఫ్రేముకూ లెక్క ఉండాలి. ఎలా తీస్తారో ముందే రాసి ఏజెన్సీనీ క్లయింటునీ ఒప్పించాలి. ఆ క్రమశిక్షణ విలువైనది. పైగా సంపాదన ఉంటుంది కాబట్టి నచ్చిన కథ కోసం ఆగగలరు. అయితే ఒక పాత్రను రెండు గంటలు నడిపించడం ప్రకటనలు నేర్పవు. అది విడిగా సాధన చేయాల్సిందే.

మన దేశంలో రాజీవ్ మేనన్ ప్రకటనలు తీస్తూనే ‘బొంబాయి’ సినిమాకు ఛాయాగ్రహణం చేసి, 1997లో ‘మెరుపు కలలు’తో దర్శకుడయ్యారు. ప్రకటనల నుంచే వచ్చిన గౌరీ శిందే 2012లో ‘ఇంగ్లిష్ వింగ్లిష్’ తీశారు. ఆ కథకు ప్రేరణ ఆమె తల్లి.